సూది తిప్పే ముందు: మోడల్ విమానాల ఇంజన్లకు ఇంధనం సరిగా అందకపోతే

నేల మీద నిలకడగా తిరిగిన ఇంజన్, విమానం ముక్కు పైకెత్తి కాస్త ఎత్తుకు చేరేలోగా శబ్దం సన్నబడి ఆగిపోవడం మోడల్ విమానాలు ఎగరేసేవారందరికీ తెలిసిన ఇబ్బందే. విశాఖపట్నంలో ఈ అభిరుచి ఉన్నవారు నగరం దాటి భీమిలి, ఆనందపురం వైపు ఖాళీ స్థలాలు వెతుక్కుంటూ వెళ్లి, సముద్రపు గాలి జోరందుకోకముందే ఒకటి రెండుసార్లు ఎగరేసుకుందామనుకుంటారు. అలాంటి ఉదయాన ఇంజన్ ఆగిపోయి విమానం గడ్డిలో దిగితే, చుట్టూ చేరినవారిలో ఎవరో ఒకరి చెయ్యి ముందుగా ఇంజన్‌కు ఎంత ఇంధనం వెళ్లాలో నిర్ణయించే కార్బ్యురేటర్ సూది మీదికి వెళుతుంది. సూదిని రెండు మూడు క్లిక్కులు విప్పగానే ఇంజన్ మళ్లీ తిరుగుతుంది కాబట్టి సమస్య తీరినట్టే కనిపిస్తుంది. నిజానికి లోపం ఉన్నచోటే ఉంటుంది, దాని మీద అదనపు ఇంధనం కప్పినట్టవుతుంది. వారం తిరిగేసరికి అదే లోపం ఇంకొంచెం పెరిగి, ఈసారి విమానాన్ని చెట్టు మీదికో కరెంటు తీగల మీదికో తీసుకుపోవచ్చు.

అందువల్ల సూదిని ముట్టుకోవడానికి ముందే తెలుసుకోవలసిన విషయాలు మూడు ఉన్నాయి: ఇంజన్ ఏ క్షణంలో మొరాయించింది, అప్పుడు విమానం ఏ భంగిమలో ఉంది, ట్యాంకులో ఎంత ఇంధనం మిగిలి ఉంది. ఈ మూడింటికీ జవాబు దొరికితే లోపం ట్యాంకులో ఉందో, గొట్టంలో ఉందో, కార్బ్యురేటర్‌లో ఉందో, అసలు ఇంధనానికే సంబంధం లేనిదో చాలా సందర్భాల్లో స్క్రూడ్రైవర్ పట్టకముందే తేలిపోతుంది. ఇక్కడి చర్చ ప్రధానంగా 40 నుంచి 46 సైజు, అంటే 6.5 నుంచి 7.5 సి.సి. వరకు ఉండే టూ స్ట్రోక్ గ్లో ఇంజన్ల గురించి, అంటే మిథనాల్ ఇంధనాన్ని ఎర్రగా కాలిన ప్లగ్ తీగతో మండించే ఇంజన్ల గురించి. పెట్రోలు ఇంజన్ల ప్రస్తావన చివర్లో వస్తుంది.

ఈ తరగతి ఇంజన్ పూర్తి థ్రాటిల్ మీద నిమిషానికి సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్ల ఇంధనం తాగుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజన్‌కు 30 మిల్లీలీటర్లు అందుతున్నాయనుకుంటే, ఒక్కో చుట్టుకు దక్కేది మిల్లీలీటరులో నాలుగు వందలో వంతు మాత్రమే. 2.4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న సిలికాన్ గొట్టంలో ఒక్క సెంటీమీటరు పొడవున గాలి బుడగ చేరితే, అది కార్బ్యురేటర్‌ను దాటేవరకు దాదాపు 18 చుట్లపాటు ఇంజన్‌కు ఇంధనం ఉండదు. అంత మాత్రానికి ఇంజన్ ఒకసారి తడబడి కోలుకుంటుంది. బుడగలు వరుసగా వస్తే మాత్రం మంట బలహీనపడి గ్లో ప్లగ్ తీగ చల్లారుతుంది. ఆ తీగలోని ప్లాటినం, మిథనాల్‌తో జరిపే చర్య వల్లా, ముందటి పేలుడు మిగిల్చిన వేడి వల్లా ఎర్రగా ఉంటుంది తప్ప, ఎగిరే సమయంలో దానికి బ్యాటరీ ఆసరా ఉండదు. ఒకసారి చల్లారితే గాలిలో మళ్లీ వెలిగించే దారి లేదు. ఇంత చిన్న మోతాదులతో పని జరిగేచోట, కంటికి ఆనని రంధ్రం కూడా విమానాన్ని దింపేయగలదు.

ఇంధనాన్ని ట్యాంకు నుంచి కార్బ్యురేటర్‌కు నడిపించేవి మూడు. కార్బ్యురేటర్ లోపలి ఇరుకు గాలిదారి అయిన వెంచురీలో గాలి వేగంగా దూసుకుపోవడం వల్ల పుట్టే చూషణ మొదటిది. మఫ్లర్ నుంచి ట్యాంకుకు వేసిన సన్నని గొట్టం ద్వారా వచ్చే పొగ ఒత్తిడి రెండోది. ట్యాంకులో ఇంధన మట్టానికీ, కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని చిమ్మే సన్నని గొట్టమైన స్ప్రేబార్‌కూ మధ్య ఉన్న ఎత్తు తేడా మూడోది. ఆసుపత్రిలో సెలైన్ సీసాను పైకెత్తితే చుక్కలు వేగంగా, దించితే నెమ్మదిగా పడినట్టే ఈ మూడోది పనిచేస్తుంది. మొదటి రెండూ బలంగా ఉన్నప్పుడు దాని ప్రభావం బయటపడదు, అవి సన్నగిల్లగానే అదే పెత్తనం చేస్తుంది.

ఎత్తు తేడాను అంకెల్లో చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. నూనె కలిసిన గ్లో ఇంధనం సాంద్రత లీటరుకు సుమారు 850 గ్రాములు. 5 సెంటీమీటర్ల ఎత్తున్న ట్యాంకు నిండుగా ఉన్నప్పటికీ, అడుగంటినప్పటికీ మధ్య ఒత్తిడిలో వచ్చే తేడా దాదాపు 400 పాస్కల్‌లు. ఇది సమతలంగా ఎగురుతున్నప్పటి లెక్క. విమానం ముక్కు నిటారుగా పైకి తిరిగితే ట్యాంకు పొడవే ఎత్తుగా మారుతుంది. కార్బ్యురేటర్‌కు 5 సెంటీమీటర్ల వెనుక మొదలయ్యే 15 సెంటీమీటర్ల ట్యాంకు అడుగంటే దశలో ఉంటే, ఇంధనాన్ని 20 సెంటీమీటర్లు పైకి ఎత్తాలి, అంటే సుమారు 1,670 పాస్కల్‌ల భారాన్ని చూషణ, మఫ్లర్ ఒత్తిడి కలిసి అధిగమించాలి. నేల మీద చక్కగా పాడిన ఇంజన్ ఆకాశం వైపు తిరగగానే నీరసించడానికి కారణం ఇదే. గాలిలో నిలువుగా గుండ్రం తిరిగే లూప్ వేసేటప్పుడు గురుత్వం రెండు మూడింతలైతే ఈ భారం కూడా అన్నింతలవుతుంది.

దీన్నిబట్టి ట్యాంకు ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ట్యాంకు మధ్యరేఖ స్ప్రేబార్ రంధ్రానికి సమానంగా గానీ, 10 మిల్లీమీటర్లలోపు కిందికి గానీ ఉండాలి, ముందు గోడకు వీలైనంత దగ్గరగా ఉండాలి. ట్యాంకు మరీ పైన ఉంటే ఇంజన్ ఆగి ఉన్నప్పుడే ఇంధనం దానంతటదే కార్బ్యురేటర్‌లోకి జారి, స్టార్ట్ చేయబోయేసరికి సిలిండర్ నిండిపోయి ప్రాపెల్లర్ కదలనంటుంది. ఆ స్థితిలో ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, ప్రాపెల్లర్ తిప్పి లోపలి ఇంధనాన్ని బయటికి పోనివ్వడమే మార్గం. సిలిండర్ కిందికి ఉండేలా ఇంజన్ బిగించిన విమానాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ఇంజన్ తలకిందులైనప్పుడు స్ప్రేబార్ కూడా కిందికి దిగుతుంది కాబట్టి ట్యాంకును కూడా ఆ మేరకు దించాలి, కానీ చాలా కిట్లలో ట్యాంకు గది అందుకు చోటివ్వదు. గది అడుగున చెక్కను కాస్త తొలిచి అయినా ట్యాంకును దించడం, ప్రతిసారీ సూదితో కుస్తీ పట్టడం కన్నా మేలు.

ట్యాంకు లోపల

లోపాల్లో ఎక్కువ భాగం ట్యాంకు లోపలే ఉంటాయి, కంటికి కనిపించవు కాబట్టి అక్కడ చివరగా వెతుకుతారు. ట్యాంకు లోపల మెత్తని సిలికాన్ గొట్టం, దాని కొసన క్లంక్ అనే ఇత్తడి బరువు ఉంటాయి. విమానం ఎటు తిరిగితే ఇంధనం అటు పోతుంది, క్లంక్ కూడా దాని వెంట పోతుంది. ముక్కు నేలకు తగిలేలా దిగినప్పుడు ఈ క్లంక్ ముందుకు ఎగిరి, గొట్టం మడతపడి, ట్యాంకు ముందు భాగంలోనే ఇరుక్కుపోవచ్చు. అప్పుడు విమానం నేల మీద, సమతలంగా ఎగిరేటప్పుడు బాగానే ఉంటుంది, ముక్కు పైకెత్తగానే ఇంధనం వెనక్కి పోతుంది, క్లంక్ ముందే ఉండి గాలి పీలుస్తుంది. గట్టిగా దిగిన తర్వాత మొదలైన లోపమైతే ముందుగా విమానాన్ని చెవి దగ్గర పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. క్లంక్ వెనుక గోడకు తగిలే చప్పుడు వినిపించకపోతే ట్యాంకు బయటికి తీయవలసిందే. గొట్టం పొడవు కూడా సరిచూడాలి: క్లంక్ వెనుక గోడకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి, గోడకు ఒరుసుకుంటే ఒక మూలన చిక్కుకుంటుంది.

లోపలి గొట్టానికి పడే సన్నని చీలిక ఇంకా మోసపూరితమైనది. ఇత్తడి పైపు కొసను నునుపు చేయకుండా వదిలేస్తే దాని అంచు సిలికాన్‌ను నెమ్మదిగా కోస్తుంది. ఆ చీలిక ఇంధనంలో మునిగి ఉన్నంతసేపు అందులోంచి ఇంధనమే వెళుతుంది, మట్టం దానికన్నా కిందికి దిగగానే గాలి వెళుతుంది. కాబట్టి ట్యాంకు సగం వరకు చక్కగా ఎగిరి, ఆ తర్వాత ప్రతిసారీ అదే దశలో ఇంజన్ తడబడుతుంటే అనుమానం ముందుగా ఈ గొట్టం మీదికే పోవాలి. ట్యాంకును బయటికి తీసి, ఒక పైపు తప్ప మిగిలినవి మూసి, బకెట్ నీళ్లలో ముంచి, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో గాలి పంపితే ట్యాంకు చీలికలు, మూతి రబ్బరు చుట్టూ ఉన్న లీకులు బుడగల రూపంలో బయటపడతాయి. లోపలి గొట్టాన్ని మాత్రం విడిగా తీసి, కొస మూసి, అదే పరీక్ష చేయాలి. కొత్త గొట్టం ఖరీదు చాలా తక్కువ కనుక, ట్యాంకు విప్పిన ప్రతిసారీ దాన్ని మార్చేయడమే తెలివైన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊదడం, పీల్చడం మైదానంలో మామూలుగా కనిపించే అలవాటు. మిథనాల్ విషం, కొద్ది మోతాదులో లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు, చర్మం ద్వారా కూడా అది ఒంట్లోకి చేరుతుంది. దాని మంట పట్టపగలు ఎండలో దాదాపు కంటికి కనిపించదు. సిరంజి గానీ చేతిపంపు గానీ లేకుండా ఇంధనపు గొట్టాలను పరీక్షించకూడదు.

గొట్టంలో కదిలే బుడగల తీరు కూడా సమాచారమే. పాల నురగలా సన్నని బుడగలు నిరంతరం వస్తుంటే ఇంధనం ట్యాంకులోనే నురగెత్తుతోంది. ట్యాంకు నేరుగా చెక్కకు ఆని ఉండటం, ప్రాపెల్లర్ బ్యాలెన్స్ తప్పి ఉండటం, ఇంజన్ బోల్టులు వదులు కావడం ఇందుకు కారణాలు. ట్యాంకు చుట్టూ మెత్తని స్పాంజి చుట్టి, ప్రాపెల్లర్‌ను బ్యాలెన్స్ చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. స్పాంజిని గట్టిగా కుక్కితే మళ్లీ అదే కంపనం ట్యాంకుకు చేరుతుంది కాబట్టి వదులుగా ఉండాలి. దూరం దూరంగా పెద్ద బుడగలు వస్తుంటే అది చీలిక గానీ, వదులైన అతుకు గానీ అయి ఉంటుంది.

మఫ్లర్ ఒత్తిడి గొట్టాన్ని పట్టించుకునేవారు తక్కువ. అది ఊడిపోయినా, లోపల మసి పట్టి మూసుకున్నా, మఫ్లర్ గ్యాస్కెట్ దగ్గర పొగ లీకవుతున్నా ట్యాంకుకు ఒత్తిడి తగ్గి, ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గుతుంది. గాలి ఎక్కువై ఇంధనం తక్కువైన ఈ స్థితినే లీన్ అంటారు, దానికి ఎదురైనది రిచ్. ఇంధనం నింపిన తర్వాత ఒత్తిడి గొట్టాన్నీ కార్బ్యురేటర్ గొట్టాన్నీ తారుమారుగా తగిలించడం కూడా జరిగేదే. రెండు గొట్టాలకు రెండు రంగులు వాడితే ఆ పొరపాటుకు అవకాశమే ఉండదు.

కార్బ్యురేటర్ దగ్గర

ట్యాంకు నిర్దోషి అని తేలిన తర్వాతే కార్బ్యురేటర్ వైపు రావాలి. ఇక్కడ మొదటి పరీక్ష ఇంజన్ తిరుగుతుండగా చేసేది: పూర్తి థ్రాటిల్ మీద, ప్రాపెల్లర్ వెనుక నిలబడి, ఇంధనపు గొట్టాన్ని వేళ్లతో ఒక్క క్షణం నొక్కి వదలాలి. వేగం కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే మిశ్రమం కాస్త రిచ్‌గా, ఉండవలసినట్టే ఉంది. నొక్కగానే వేగం పడిపోతే అప్పటికే లీన్‌గా ఉంది. తర్వాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కును ఆకాశం వైపు ఎత్తాలి. వేగం కాస్త పెరిగి నిలబడితే ఎగరడానికి సిద్ధం, కొన్ని సెకన్లలో కుంగితే సూది ఇంకా విప్పాలి లేదా లోపం ఇంకా మిగిలే ఉంది. పైన చెప్పిన 20 సెంటీమీటర్ల లెక్కను నేల మీదే పరీక్షించే మార్గం ఇది. చాలామంది దీన్ని నిండు ట్యాంకుతో చేస్తారు, పావు ట్యాంకుతో చేసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

సూదిని అర చుట్టు తిప్పినా వేగంలో మార్పు లేకపోతే, ఇంధనం వెళ్లే దారి మరెక్కడో మూసుకుని ఉంది లేదా సూది ప్రమేయం లేకుండా గాలి మరో దారిన చేరుతోంది. భీమిలి దారి వెంబడి ఉండే సన్నని ఎర్ర ఇసుక ఇక్కడ ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. విమానం దిగినప్పుడు నూనె తడి ఉన్న ప్రతిచోటా అది అంటుకుంటుంది, ఇంధనం నింపే గొట్టం కొసన చేరి నేరుగా ట్యాంకులోకి పోతుంది. సూదిని పూర్తిగా విప్పి, స్ప్రేబార్‌లోంచి రెండు వైపులా మిథనాల్ పంపితే రేణువు బయటికి వస్తుంది, పిన్నీసుతో గుచ్చితే మాత్రం రంధ్రం పాడవుతుంది. ఫిల్టర్‌ను ట్యాంకుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య పెట్టడం అందరూ చేసే పనే అయినా, ఆ ఫిల్టర్ మరలు వదులై అక్కడే గాలి పీల్చే సందర్భాలు తక్కువేమీ కావు. ఇంధనం డబ్బా నుంచి ట్యాంకుకు పోసే గొట్టంలో మంచి ఫిల్టర్ పెడితే విమానంలో దాని అవసరం చాలావరకు తగ్గుతుంది, విమానంలో అతుకులు ఎంత తక్కువైతే అంత మంచిది.

సూది దాటిన తర్వాత కూడా గాలి దొంగదారులు ఉన్నాయి. సూది చుట్టూ ఉండే చిన్న ‘ఓ-రింగు’ అనే రబ్బరు వలయం, కార్బ్యురేటర్ మెడ కింది ఓ-రింగు, ఇంజన్ వెనుక పలక గ్యాస్కెట్ ముఖ్యమైనవి. వీటిలో ఏది లీకైనా పూర్తి థ్రాటిల్ మీద అంతగా తెలియదు, ఎందుకంటే అప్పుడు లోపలికి వచ్చే గాలి మొత్తంతో పోలిస్తే లీకు వాటా చిన్నది. థ్రాటిల్ తగ్గించి నెమ్మదిగా తిప్పినప్పుడు అదే లీకు పెద్ద వాటా అవుతుంది, ఇంజన్ వేగం ఒకచోట నిలవక పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ స్థితిలో కార్బ్యురేటర్ మెడ చుట్టూ, వెనుక పలక అంచున ఒక్కో చుక్క నూనె వేసి చూడాలి. చుక్క లోపలికి పోయి వేగం మారితే లీకు అక్కడే. నెమ్మది వేగంలో నిలకడ లేదని అందరూ ముందుగా నెమ్మది వేగంలో ఇంధనాన్ని సరిచేసే లో స్పీడ్ సూదిని తిప్పుతారు, నిజానికి ఈ చుక్క పరీక్ష అయ్యాకే దాని వంతు రావాలి. అన్నీ బాగున్నాయని తేలిన తర్వాత నెమ్మది వేగంలో గొట్టం నొక్కి పట్టుకుంటే, వేగం కొద్దిగా పెరిగి మూడు నుంచి ఐదు సెకన్లలో ఇంజన్ ఆగడం సరైన అమరికకు గుర్తు. వెంటనే ఆగితే లీన్, చాలాసేపు తిరుగుతూ వేగం బాగా పెరిగితే రిచ్.

ఇంధన లోపంలా కనిపిస్తూ కానివి కూడా ఉన్నాయి. పూర్తి థ్రాటిల్ మీద అర నిమిషం బాగా తిరిగి క్రమంగా కుంగే ఇంజన్ వేడెక్కుతుండవచ్చు. ముక్కు కవచంలో గాలి లోపలికి వచ్చే దారి కన్నా బయటికి పోయే దారి కనీసం రెండింతలు ఉండాలి. ప్లగ్‌కు బ్యాటరీ తీసేయగానే వేగం పడిపోతే ప్లగ్ ముసలిదైందని గానీ, మిశ్రమం మరీ రిచ్‌గా ఉందని గానీ అర్థం. వాడిన ప్లగ్ తీగ మెరుస్తూ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మంచు పట్టినట్టు మసకబారి, వంకరపోయి ఉంటే ఇంజన్ లీన్‌గా, అతివేడిగా తిరిగిందని అది చెబుతోంది.

తాళ్లు పట్టుకుని వలయంలో తిప్పే కంట్రోల్ లైన్ విమానాల లెక్క వేరు. 18 మీటర్ల వ్యాసార్థంలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరిగే విమానంలో ఇంధనాన్ని బయటివైపు నెట్టే బలం గురుత్వానికి దాదాపు 2.8 రెట్లు. అందుకే అక్కడ ట్యాంకు పీల్చే గొట్టం బయటి గోడ మూలన ఉంటుంది. మామూలుగా ఎగిరేటప్పటి కన్నా తలకిందులుగా ఎగిరేటప్పుడు ఇంజన్ లీన్‌గా ఉంటే ట్యాంకును కాస్త దించాలి, రిచ్‌గా ఉంటే ఎత్తాలి.

విశాఖ గాలి చేసే పని

మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తీరప్రాంతంలో ఇంధనపు డబ్బా మూత వదులుగా ఉన్నా, సగం ఖాళీగా ఉన్న డబ్బా పగటి వేడికి, రాత్రి చలికి గాలి వదులుతూ పీలుస్తూ ఉన్నా, కొన్ని వారాల్లో ఇంధనం బలహీనమవుతుంది. నీరు కలిసిన ఇంధనంతో ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, ప్లగ్ చల్లబడుతుంది, సూదిని ఎక్కడ పెట్టినా ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. కొత్త డబ్బాలోని ఇంధనంతో ఒకసారి తిప్పి చూడటం కన్నా సులువైన పరీక్ష లేదు. దాంతో ఇంజన్ సరిగా తిరిగితే పాత ఇంధనాన్ని పక్కన పెట్టాలి. పెద్ద డబ్బా తెరిచిన తర్వాత ఇంధనాన్ని చిన్న సీసాల్లోకి అంచు దాకా నింపి బిగించుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

నూనె విషయంలో కూడా కొంత జాగ్రత్త అవసరం. గ్లో ఇంధనంలో నూనె సుమారు 15 నుంచి 20 శాతం ఉంటుంది, అది ఆముదం, సింథటిక్ నూనె లేదా రెండింటి మిశ్రమం కావచ్చు. ఆముదం ఎక్కువ వేడిలోనూ లోహాన్ని కాపాడుతుంది, లీన్‌గా తిరిగిన ఇంజన్‌ను అదే బతికిస్తుంది. అయితే వాడకుండా పెట్టిన ఇంజన్‌లో అది జిగురుగా గట్టిపడి సూది గూడులోనూ స్ప్రేబార్ రంధ్రంలోనూ పేరుకుంటుంది. వానాకాలం అంతా అటక మీద ఉన్న ఇంజన్ అక్టోబరులో తీసినప్పుడు ఇంధనం అందనట్టు ప్రవర్తిస్తే, మిథనాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి కడగడం సగం సమస్యను తీరుస్తుంది. మిగిలిన సగం తుప్పు. మండిన మిథనాల్ నుంచి వచ్చే నీరు, మిగిలిపోయిన ఇంధనం పీల్చుకున్న తేమ, ఉప్పుగాలి కలిసి ఉక్కు బేరింగులను తినేస్తాయి. ఎగరడం ముగిశాక ఇంధనపు గొట్టం తీసి, ఇంజన్ దానంతటదే ఆగేవరకు తిప్పి, లోపల కొన్ని చుక్కల నూనె వేసి చేత్తో తిప్పి పెట్టడం ఈ ఊళ్లో వదులుకోలేని అలవాటు.

వాతావరణం మారితే సూది కూడా మారాలి. 34 డిగ్రీల మధ్యాహ్నపు గాలి 18 డిగ్రీల ఉదయపు గాలి కన్నా దాదాపు 5 శాతం పలుచన. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే గాలిలో నూటికి మూడు పాళ్లకు పైగా నీటి ఆవిరే ఉంటుంది, ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం సరిగ్గా పెట్టిన సూది జనవరి ఉదయానికి లీన్ అవుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం విశాఖ కన్నా దాదాపు పది శాతం తక్కువ. సాధారణ కార్బ్యురేటర్ ఇలాంటి చోట గాలి తగ్గినంతగా ఇంధనాన్ని తగ్గించదు కాబట్టి మిశ్రమం రిచ్ అవుతుంది, సూదిని కాస్త బిగించాలి. చలికాలపు తెల్లవారుజామున అక్కడి చలి గాలిని చిక్కబరిచి ఈ తేడాలో సగానికి పైగా సరిచేస్తుంది, ఎండెక్కాక తేడా మళ్లీ బయటపడుతుంది. అరకులో బిగించిన సూదిని అలాగే ఉంచి తిరిగివచ్చి విశాఖలో ఎగరేస్తే ఇంజన్ లీన్‌గా తిరిగి దెబ్బతింటుంది.

పెట్రోలు ఇంజన్లలో

పెద్ద మోడళ్లలో వాడే పెట్రోలు ఇంజన్లకు వాల్‌బ్రో తరహా డయాఫ్రమ్ (సాగే సన్నని పొర) కార్బ్యురేటర్ ఉంటుంది. క్రాంక్‌కేస్‌లో మారే ఒత్తిడితో కదిలే పంపు అందులోనే ఉంటుంది కాబట్టి ట్యాంకు ఎత్తు, మఫ్లర్ ఒత్తిడి ఇక్కడ అంత ముఖ్యం కావు. పంపుకు ఒత్తిడి తెచ్చే దారి మూసుకోవడం, లోపలి సన్నని జల్లెడకు చెత్త పట్టడం, డయాఫ్రమ్ గట్టిపడటం ఇక్కడి ప్రధాన లోపాలు. డయాఫ్రమ్ వెనుక పలకకు ఉండే చిన్న గాలి రంధ్రంలోకి ముక్కు కవచంలోని గాలి నేరుగా కొడితే నేల మీద ఒకలా, గాలిలో మరోలా ఇంజన్ నడుస్తుంది. గ్లో ఇంజన్‌కు వాడే సిలికాన్ గొట్టం, ట్యాంకు మూతి రబ్బరు పెట్రోలుకు పనికిరావు, అవి ఉబ్బి మెత్తబడిపోతాయి. టైగాన్ వంటి పెట్రోలుకు తట్టుకునే గొట్టాలు కూడా కాలం గడిచేకొద్దీ గట్టిపడి అతుకుల దగ్గర పట్టు వదులుతాయి, ఏటా మార్చుకోవాలి.

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 2022లో 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. పెట్రోలుకు 1 కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. పాత సూది అమరికతో కొత్త పెట్రోలు పోస్తే ఇంజన్ కొంత లీన్‌గా తిరుగుతుంది, పూర్తి వేగంలోనూ నెమ్మది వేగంలోనూ ఇంధనాన్ని సరిచేసే హెచ్, ఎల్ స్క్రూలు రెండింటినీ కాస్త విప్పవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం తేమ వల్ల వస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని ఒక హద్దు వరకు తనలో ఇముడ్చుకుని, హద్దు దాటగానే రెండు పొరలుగా విడిపోతుంది, నీరు, ఇథనాల్ కలిసిన పొర అడుగున చేరుతుంది. టూ స్ట్రోక్ నూనె పైనున్న పెట్రోలు పొరలోనే ఉండిపోతుంది. ట్యాంకులో క్లంక్ ఉండేది అడుగునే కాబట్టి ఇంజన్ ముందుగా తాగేది నూనె లేని ఆ పొరనే. అది కేవలం ఇంజన్ ఆగడంతో పోదు, పిస్టన్ గీరుకుపోతుంది.

నూనె కలపకముందే పెట్రోలును పరీక్షించుకోవడం సులువు. కొలతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీరు పోసి, మూసి, గట్టిగా కుదిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఇథనాల్ నీటితో కలిసి కిందికి దిగుతుంది. అడుగు పొర 20 మిల్లీలీటర్ల దగ్గర ఆగితే పెట్రోలులో ఇథనాల్ సుమారు 10 శాతం, 30 దగ్గర ఆగితే సుమారు 20 శాతం. ఆ లెక్క చూసుకుని ఆ రోజుకు కావలసినంత ఇంధనమే కలుపుకోవాలి. నూనె కలిపిన పెట్రోలు మిగిలితే తర్వాతి వారం పోసే ముందు పారదర్శకమైన సీసాలోకి వంచి వెలుతురులో పట్టి, అడుగున వేరే పొర గానీ మసక గానీ లేదని చూసుకోవాలి, ఉంటే దాన్ని విమానంలో పోయకూడదు.